పాత చిన్నకారు, చలికాలపు పరీక్ష

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంగ్లండులో ఇంజనీరుగా చేస్తున్నావు గదా, నీ వృత్తికి సంబంధించింది ఏదైనా కాసేపు చెప్పు" అని కార్యదర్శి గారు అడిగారు. నేను పనిచేసేది యంత్రాల బేరింగుల మీద. భోజనాల ముందు వినదగిన విషయం కాదది. అందుకని ఆయన అనుమతి తీసుకుని, మా ఇంట్లో ఉన్న ఒక పాత కారు గురించి, దాన్ని ఏటా చలికాలానికి ఎలా సిద్ధం చేస్తానో దాని గురించి చెబుతాను. ఇందులో పెద్ద ఇంజనీరింగు ఏమీ లేదు. చాలావరకు ఈ బడిలో మనం చదువుకున్న భౌతిక, రసాయన శాస్త్రాలే.

ఆ కారు పేరు మినీ. మాది 1978లో తయారైంది. 1956లో సూయజ్ కాలువ సంక్షోభం వచ్చి బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ పెట్టాల్సి వచ్చింది. తక్కువ పెట్రోలుతో నడిచే చిన్నకారు కావాలని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్లు అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరును అడిగారు. ఆయన గీసిన కారు 1959 ఆగస్టు 26న విడుదలైంది. పొడవు పది అడుగులు, చక్రాలు పది అంగుళాలు, లోపల నలుగురికి చోటు. ఇది ఎలా సాధ్యమైందంటే, ఇంజనును అడ్డంగా తిప్పి పెట్టారు, గేరుబాక్సును దాని కిందనే అమర్చారు, ముందు చక్రాలతో బండిని లాగించారు. 1983 డిసెంబరులో మన రోడ్ల మీదకు వచ్చిన మారుతి 800 గుర్తుందా? అందులోనూ ఇంజను అడ్డంగానే ఉంటుంది, ముందు చక్రాలే లాగుతాయి. ఆ దారి వేసింది మినీయే. 2000 అక్టోబరులో బర్మింగ్‌హామ్ పక్కనున్న లాంగ్‌బ్రిడ్జ్ కర్మాగారంలో చివరిది తయారయ్యేనాటికి 53 లక్షలకు పైగా మినీలు వచ్చాయి.

ఇది చలికి జడిసే కారేమీ కాదు. ఆల్ప్స్ కొండల్లో జనవరి మంచులో జరిగే మాంటే కార్లో ర్యాలీని 1964, 1965, 1967లలో మినీ కూపర్లు గెలిచాయి. ఇంజను బరువంతా లాగే చక్రాల మీదే ఉంటుంది కాబట్టి జారే నేల మీద పట్టు బాగా దొరుకుతుంది. అయితే అవి అప్పుడు కొత్త కార్లు. నలభై ఏళ్లు దాటిన కారుకు చలికాలం అంటే చలి ఒక్కటే కాదు. నీళ్లు, ఉప్పు, చీకటి కూడా.

ఇంకో సంగతి ఉంది. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకు ఏటా ఎం.ఓ.టి. అనే తనిఖీ తప్పనిసరి. బ్రేకులు, దీపాలు, టైర్లు, తుప్పు అన్నీ చూసి పాసో ఫెయిలో చెబుతారు. 2018 మే నుంచి నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు ఆ తనిఖీ అక్కర్లేదన్నారు. మన దగ్గర సొంత కారుకు 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం బండిని చూపించుకోవాలి. అక్కడ బాగా ముసలిదైతే పరీక్షే లేదు. వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ ప్రమాదకరమైన స్థితిలో బండి నడిపితే 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద 3 పాయింట్లు అన్న చట్టం అందరికీ ఉన్నట్టే దీనికీ ఉంది. అంటే పరీక్ష తీసేశారుగాని సిలబస్ తీసేయలేదు. పేపరు పెట్టేదీ మనమే, దిద్దేదీ మనమే.

మా అమ్మాయి ఆస్పత్రిలో పనిచేస్తుంది. వారంలో ఒకటి రెండు రోజులు ఈ కారే తీసుకెళుతుంది. దానికి ఇష్టం. ఈ కారులో గాలిసంచులు లేవు, చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏ.బి.ఎస్. లేదు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. అందుకే అక్టోబరులో రెండు శని, ఆదివారాలు ఈ పరీక్షకు కేటాయిస్తాను. అది ఏ వరుసలో జరుగుతుందో చెబుతాను.

మొదటిది రేడియేటరులో నీళ్లు. నీరు గడ్డకడితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. నిండుగా బిరడా బిగించిన గాజుసీసాను ఫ్రీజర్లో మరిచిపోతే ఏమవుతుందో మన ఇళ్లలో ఆడవాళ్లందరికీ తెలుసు. ఇంజను దిమ్మెలోనూ అదే జరుగుతుంది. దిమ్మెకు పక్కల గుండ్రటి రేకు బిళ్లలు కొన్ని ఉంటాయి. పోతపోసినప్పుడు లోపలి ఇసుక తీయడానికి వదిలిన రంధ్రాలకు వేసిన మూతలవి. నీరు గడ్డకడితే ముందు ఆ బిళ్లలు ఊడతాయి, ఇంజను బతుకుతుంది అని చాలామంది నమ్ముతారు. అదృష్టం బాగుంటే అంతే. లేకపోతే దిమ్మే పగులుతుంది.

అందుకు నీళ్లలో ఇథిలిన్ గ్లైకాల్ కలుపుతాం. ఇక్కడ ఒక చిన్న చిక్కుప్రశ్న. ఉత్త గ్లైకాల్ మైనస్ 13 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. అందులో సగం నీళ్లు కలిపితే మైనస్ 35 దాకా గడ్డకట్టదు. విడివిడిగా ఉన్నప్పుడు రెండూ గట్టిపడేవే, కలిస్తే ఒకదాన్నొకటి గట్టిపడనివ్వవు. మా కారులో హీటరుతో కలిపి మూడున్నర లీటర్లు పడుతుంది. సగం సగం కలుపుతాను. మా ప్రాంతంలో మైనస్ పదికి దిగే రాత్రులే అరుదు, మరి సగం ఎందుకంటే గ్లైకాల్ డబ్బాలో తుప్పు పట్టనివ్వని రసాయనాలు కూడా ఉంటాయి. అవి తగినంత చేరాలి. రెండేళ్లకు వాటి బలం తగ్గుతుంది. అప్పుడు పాతది వంపేసి, కడిగి, కొత్తది పోయాలి. హీటరు కుళాయి తెరిచి ఉంచి నెమ్మదిగా పోయకపోతే లోపల గాలి చిక్కుకుంటుంది.

రెండు జాగ్రత్తలు. కొత్త కార్లకు వచ్చే కొన్ని రకాల కూలెంట్లు పాత రేడియేటర్ల సోల్డరు అతుకులకు, సీళ్లకు పడవు. రంగు చూసి కొనకూడదు, డబ్బా మీద ఏ రకమని రాశారో చదివి కొనాలి. రెండోది, గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. పళ్లెంలో వంపి వదిలేస్తే పక్కింటి పిల్లి తాగి చచ్చిపోతుంది. వంపిన వెంటనే మూత బిగించి, అలాంటివి తీసుకునే కేంద్రానికి ఇచ్చిరావాలి.

రేడియేటరు దగ్గరే థెర్మోస్టాట్ ఉంటుంది. మామూలుగా 82 డిగ్రీలకు తెరుచుకునేది వాడతాం. చలి దేశాలకు 88ది దొరుకుతుంది. ఇంజను త్వరగా వేడెక్కడం అంటే హీటరు త్వరగా పనిచేయడం, అద్దాల మీద ఆవిరి పోవడం. ఆ చిన్న సామానుకు అంత ప్రయోజనం ఉంది.

రెండోది కరెంటు. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది. అదే పొద్దున నూనె చిక్కబడి ఇంజను తిరగడం బరువవుతుంది. అంటే తక్కువ జీతం వచ్చిన నెలలోనే ఎక్కువ ఖర్చు తగిలినట్టు. మినీలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, స్టార్టరు ముందుంటుంది. మధ్యలో నేల కింద పొడవాటి కేబులు. దాని చివర్లు శుభ్రంగా లేకపోతే కరెంటు దారిలోనే ఖర్చయిపోతుంది. రాత్రంతా కదలని బ్యాటరీ 12.6 వోల్టులకు తగ్గకుండా చూపించాలి. ఇంజను నడుస్తున్నప్పుడు 14కు అటూ ఇటూ ఉండాలి. ఇంజనునూ బాడీనీ కలిపే అల్లిన తీగపట్టీ ఒకటి ఉంటుంది, ఎర్తు పట్టీ. అది తుప్పుపట్టి తెగితే స్టార్టరు కరెంటు వేరే దారి వెతుక్కుని చోక్ కేబులు గుండా పోతుంది. అందుకే స్టార్టు చేసినప్పుడు చోక్ కేబులు వేడెక్కినా, పొగ వచ్చినా ముందు ఆ పట్టీని చూడమంటారు.

ఇక మినీకి పేరుమోసిన జబ్బు ఒకటుంది. మొదటి నమూనాల్లో కార్బురేటరు ముందువైపు ఉండేది. తర్వాత ఇంజనును మొత్తం వెనక్కి తిప్పారు. ముందున్న కార్బురేటరులో చలికి మంచు పేరుకునేదన్నది అందుకు చెప్పే కారణాల్లో ఒకటి. కార్బురేటరు వెనక్కి వెళ్లింది, బాగానే ఉంది. దానితో పాటు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటరు ముందుకొచ్చి సరిగ్గా జాలీ వెనకాల కూర్చుంది. ముందు పోయే లారీ చిమ్మిన నీళ్లన్నీ దాని మొహం మీదే. వేల వోల్టుల కరెంటు పోయే చోట తడి చేరితే ఇంజను దగ్గి ఆగిపోతుంది. దీనికి పాతకాలపు మెకానిక్కులు కనిపెట్టిన మందు, అంట్లు తోముకునే రబ్బరు చేతితొడుగు. ఇంజనుకు నాలుగు ప్లగ్గులు, ఒక కాయిలు, మొత్తం ఐదు తీగలు. తొడుగుకు ఐదు వేళ్లు. వేళ్ల చివరలు కత్తిరించి ఒక్కో వేలులోంచి ఒక్కో తీగ పోనిచ్చి డిస్ట్రిబ్యూటరు మూత మీద తొడిగేస్తారు. తయారుచేసి అమ్మే ప్లాస్టిక్ కవచాలూ ఉన్నాయి. నేను చేతితొడుగే వాడతాను, ఏటా మారుస్తాను. అది పెట్టేముందు మూత లోపల చీలికలున్నాయా, తీగలు గట్టిబడ్డాయా అని చూడాలి. తొడుగు తడిని ఆపుతుందిగాని పాడైన తీగను బాగుచేయదు.

మూడోది నూనె. మినీలో ఇంజనుకూ గేరుబాక్సుకూ ఒకటే నూనె, 4.8 లీటర్లు. చలికాలంలో దగ్గర దగ్గర ప్రయాణాలే చేస్తే ఇంజను పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరై పోదు. నూనె పోసే మూత విప్పితే లోపల మీగడలా తెల్లగా కనిపిస్తుంది. అందుకని చలికాలానికి ముందే నూనె మారుస్తాను. ఇక్కడ చాలామంది చేసే పని ఒకటి చెప్పాలి. షెడ్డులో ఉన్న కారును వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపుతారు, బాగుంటుందని. దానివల్ల తేమ చేరడమేగాని పోవడం ఉండదు. తీస్తే అరగంట నడపాలి, లేదా ముట్టుకోకుండా ఉండాలి. మూసిన షెడ్డులో మాత్రం ఇంజను నడపనే కూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు.

నాలుగోది బ్రేకులు, టైర్లు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చాలి. హ్యాండ్‌బ్రేకు కేబులు వెనక చక్రాల దగ్గర, కారు కిందభాగాన, రెండు చిన్న ఇనుప ముక్కల మీదుగా మలుపు తిరుగుతుంది. కేబులు లాగినప్పుడు అవీ తిరగాలి. ఉప్పునీళ్లకు అవి బిగుసుకుపోవడం మినీల్లో మామూలే. అప్పుడు హ్యాండ్‌బ్రేకు వేసినా పూర్తిగా పట్టదు, తీసినా పూర్తిగా వదలదు. విప్పి, శుభ్రం చేసి, గ్రీజు పెట్టడం ఒక పూట పని. బాగా గడ్డకట్టే రాత్రి తడి కారును హ్యాండ్‌బ్రేకు మీద వదలకూడదు, పొద్దునకు డ్రమ్ముకు అతుక్కుపోతుంది. సమతలం మీద నిలిపి గేరులో వదలాలి.

టైరు గాట్ల లోతు 1.6 మి.మీ. ఉంటే చట్టానికి చాలు. నీళ్ల రోడ్డుకు చాలదు. నేను 3 మి.మీ. దగ్గరే మారుస్తాను. తక్కువ తిరిగే కారుకు గాట్లు అరగకముందే రబ్బరు ముసలిదవుతుంది. అందుకని టైరు పక్కన అచ్చువేసిన తయారీ వారం, సంవత్సరం కూడా చూడాలి.

అద్దాలు, దీపాలు, వైపరు రబ్బర్ల గురించి పొడిగించను. చీకటి నాలుగింటికే పడే దేశంలో అవి ఎంత అవసరమో మీరే ఊహించుకోవచ్చు. గడ్డకట్టిన ముందు అద్దం మీద వేడినీళ్లు పోయకండి, చిట్లుతుంది. అది మాత్రం గుర్తుంచుకోండి.

చివరిది, అన్నిటికన్నా పెద్దది ఉప్పు. రాత్రి సున్నాకు దిగుతుందనగానే లారీలొచ్చి రోడ్డంతా రాతి ఉప్పు చల్లుతాయి. అందులో చాలావరకు చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గనిలో తవ్వినదే. ఉప్పు కలిసిన నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు. చిన్నప్పుడు చెక్క బకెట్టులో డబ్బా పెట్టి, చుట్టూ ఐసు, ఉప్పు వేసి, చేత్తో తిప్పి ఐస్‌క్రీం చేసేవారు, జ్ఞాపకముందా? ఆ సూత్రమే. మనుషుల ప్రాణాలు కాపాడే ఆ ఉప్పే ఇనుమును తింటుంది. ఉప్పునీరు కరెంటును బాగా పోనిస్తుంది, తుప్పు విద్యుత్ రసాయన చర్య, అందుకే వేగం పెరుగుతుంది. సముద్రం దగ్గర ఇళ్లున్నవాళ్లకు ఈ పాఠం చెప్పనక్కర్లేదు. కిటికీ ఊచలు చూస్తే చాలు.

మినీలో ముందు చక్రాలు చిమ్మిన ఉప్పునీళ్లన్నీ పోయి వెనకనున్న సబ్‌ఫ్రేముకు తగులుతాయి. వెనక చక్రాలను మోసే ఉక్కు చట్రమది. రెండోచోటు తలుపుల కింద అటూ ఇటూ పొడవునా ఉండే గుమ్మాలు. అవి పైకి రేకులా కనిపించినా లోపల బోలుగా, కారు బరువు మోసే దూలాల్లా ఉంటాయి. మేం ఈ కారు కొనేముందు మా అమ్మాయి అయస్కాంతం పట్టుకుని చుట్టూ తిరిగింది. ఎడమ గుమ్మం మీద జానెడు మేర అయస్కాంతం అతుక్కోలేదు. పాత యజమాని ఎవరోగాని తుప్పుతిన్న చోట లప్పం పూసి, నున్నగా రుద్ది, రంగు వేశాడు. కంటికి అందంగానే ఉంది. ఆ రేకు తీయించి కొత్త ఉక్కు వెల్డింగు చేయించే ఖర్చు తగ్గించుకుని బేరం కుదుర్చుకున్నాం. ఆరో తరగతి ప్రయోగశాలలో మనం ఆడుకున్న వస్తువు అక్కడ బాగా పనికొచ్చింది.

తుప్పును ఆపడానికి బోలు భాగాల్లోకి మైనం కలిపిన ద్రవాన్ని పిచికారీ చేస్తారు. దాన్ని వేసవిలో, లోపలంతా బాగా ఎండాక చేయాలి. తడి మీద మైనం పూస్తే తడిని లోపల బంధించినట్టే. తలుపుల అడుగున, గుమ్మాల అడుగున నీళ్లు కారే చిన్న రంధ్రాలుంటాయి. వాటిని తీగతో గుచ్చి తెరిచి ఉంచాలి. ఉప్పు రోడ్డు మీద తిరిగొస్తే కారు పైన తుడవడం తర్వాత సంగతి, ముందు గొట్టంతో కింద కడగాలి. కడిగిన కారును వెచ్చటి షెడ్డులో మూసిపెట్టడంకన్నా గాలి ఆడే చల్లటి చోట ఉంచడం మేలు. తడి ఉన్నచోట వేడి తగిలితే తుప్పు ఇంకా జోరందుకుంటుంది.

ఇదంతా అయ్యాక కారు ఎక్కడికైనా పోగలదు. కానీ పోగలగడం వేరు, పోవడం వేరు. మంచుగడ్డ కట్టిన రోడ్డు మీద ఆగడానికి పొడి రోడ్డు మీదకన్నా పదిరెట్లు దూరం పట్టవచ్చని బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకంలోనే ఉంది. ఎంత బాగా గ్రీజు పెట్టినా 1978 కారు 1978 కారే. అందుకని మా ఇంట్లో ఒక నియమం రాసుకున్నాం. రాత్రి ఉప్పు చల్లుతారని తెలిస్తే మర్నాడు మినీ కదలదు. ఒక మంచి వాన పడి రోడ్డు కడిగాకే మళ్లీ తీస్తాం. ఆ రోజుల్లో అమ్మాయి బస్సులో పోతుంది, లేదా నేను మా మామూలు కారులో దింపుతాను. మొదట్లో "ఇన్ని చేసి ఇంట్లో పెట్టడమేంటి నాన్నా" అని అడిగింది. మా ప్రాంతంలో చలికాలమంటే ఎక్కువ రోజులు నాలుగైదు డిగ్రీల చలి, వాన, చీకటి. మేం సిద్ధం చేసుకునేది ఆ రోజుల కోసం. గడ్డకట్టే రోజులకు సిద్ధపడటమంటే తాళంచెవి మేకుకు తగిలించి ఉంచడమే. ఇప్పుడు వాతావరణం చూసి ఆ మాట నాకన్నా ముందు తనే చెబుతోంది.

ఇక్కడ మన వాళ్లలో కూడా పాత ఫియట్లు, అంబాసిడర్లు, మారుతి 800లు ప్రేమగా చూసుకుంటున్నవాళ్లున్నారు. సంక్రాంతి సెలవులకు వాటిలో అరకు, లంబసింగి పొగమంచులోకి పోతుంటారు. మీకు నీళ్లు గడ్డకట్టే భయం అంతగా లేదు. కానీ రేడియేటరులో బోరు నీళ్లు పోయకండి, లోపల గార కడుతుంది. శుద్ధిచేసిన నీళ్లు, కూలెంటు పోయండి. ఘాటు ఎక్కేముందు బ్రేకు ద్రవం, దీపాలు, వైపర్లు చూసుకోండి. సముద్రపు గాలి తగిలే బండినైతే అడుగున కడగండి. ఒక అయస్కాంతం కొనిపెట్టుకోండి.

ఈ బడిలో మా లెక్కల మాస్టారు జవాబు పక్కన సరిచూసిన లెక్క కూడా వేయమనేవారు. దానికి మార్కులుండవు. అప్పుడు అది దండగ పనిలా ఉండేది. పరీక్ష పెట్టేవాళ్లు లేని చోట మనిషికి మిగిలేది ఆ అలవాటేనని ఈ కారు కింద పడుకున్నప్పుడు ప్రతి అక్టోబరులోనూ అనిపిస్తుంది. అలాంటి అలవాట్లు నేర్పిన మాస్టార్లకు, టీచర్లకు నా పాదాభివందనం. యాభై ఏళ్లు మమ్మల్నందర్నీ ఒకచోట కలిపి ఉంచిన సంఘానికి కృతజ్ఞతలు.